సంచిలో వెయ్యని పినియన్

మా షెడ్డులో బండి బాగుచేసి ఇచ్చేటప్పుడు డిక్కీలో ఒక సంచి పెడతాం. పాతిక కేజీల బియ్యం సంచి. మేం విప్పి మార్చిన పాత సామానంతా అందులో ఉంటుంది: అరిగిన క్లచ్ ప్లేట్లు, ఎండి పగిలిన రబ్బరు సీళ్ళు, వంగిన పిన్నులు. అన్నీ కడిగి, తుడిచి, లోపల వేసి మూతి కడతాం. చాలామంది ఆ మూతి కూడా విప్పరు. కొందరైతే "ఈ చెత్తంతా మాకెందుకండీ" అని నా మొహం మీదే అంటారు. అయినా పెడతాం. ఈ ఆచారం నాది కాదు, నాకు పని నేర్పిన మేస్త్రి గారిది. "విప్పిన ముక్క బండివాడి సొత్తురా. పారేసుకుంటాడో పూజ చేసుకుంటాడో వాడిష్టం. నువ్వు దాచావంటే మాత్రం ఏదో తప్పు చేశావన్నమాట" అనేవారాయన.

ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఒక్క బండికే సంచిలో అన్నీ వెయ్యలేదు. అది ఆయన బండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఆయన గేరుబాక్సుల మేస్త్రి. ఆయన దగ్గర పదకొండేళ్ళు పని చేశాను. తిట్టేవారు. మామూలుగా కాదు, రోడ్డు అవతల షెడ్డువాళ్ళు పని ఆపి వినేటట్టు తిట్టేవారు. మధ్యాహ్నం అయ్యేసరికి అదే నోటితో "తిన్నావా" అని అడిగి, తన క్యారేజీలో కూర నా కంచంలో వేసేవారు. ఆ కూర కోసం తిట్లు తినొచ్చుననిపించేది. స్క్రూడ్రైవరు కొస గేరుబాక్సు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కాసేపు విని ఫలానా బేరింగు అనేవారు. విప్పితే అదే. నాకు ఆ విద్య ఇప్పటికీ సగమే వచ్చింది.

ఆటోమేటిక్ బండ్లంటే ఆయనకు పడేది కాదు. అప్పట్లో మా ఊళ్ళో అవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. "కాలికి క్లచ్చి లేదు, గేరు వెయ్యక్కర్లేదు. అది బండేంట్రా, ఉయ్యాల" అని నవ్వేవారు. నేను చెన్నై వెళ్ళి రెండేళ్ళు ఆ పనే నేర్చుకుని వచ్చి, సొంతంగా షెడ్డు పెట్టుకుంటానంటే మాత్రం నవ్వలేదు. మొహం తిప్పుకున్నారు. నాలుగేళ్ళు మా మధ్య మాటల్లేవు. ఒకే రోడ్డులో ఆయన షెడ్డు ఆ చివర, నాది ఈ చివర. టీ బంకు దగ్గర ఎదురుపడితే సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయేవారు. నాకూ పొగరు తక్కువేం కాదు. నేనూ పలకరించలేదు.

చివరికి షుగరు జబ్బు మమ్మల్ని కలిపింది. ఆయన ఎడమ కాలి వేలికి రేకు ముక్క గీరుకుంది. షెడ్డులో అలాంటి దెబ్బలు పట్టించుకునేవాళ్ళెవరు? గుడ్డ చుట్టి పని చేసుకున్నారు. పుండు నల్లబడింది. ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. నేను వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. రమ్మనో పొమ్మనో అర్థం కాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. గంట తర్వాత లేచి వచ్చేశాను.

మూడు నెలల తర్వాత ఆయనే ఫోను చేశారు.

"ఒరే అబ్బాయ్, ఆ నీ ఉయ్యాల బండి ఒకటి చూసిపెట్టరా. కుడికాలు ఒక్కటుంటే చాలంట కదా దానికి."

చూసిపెట్టాను. పాతదే, తెల్ల కారు, జాగ్రత్తగా వాడుకున్న మనిషి దగ్గర కొన్నాం. బండి ఇచ్చే ముందు ఆయన్ను మా షెడ్డుకి తీసుకొచ్చి, బల్ల మీద విప్పిపెట్టిన ఒక ఆటోమేటిక్ గేరుబాక్సు చూపించాను. నా బతుకులో గర్వంగా గడిచిన రోజు ఏదైనా ఉందంటే అదే. నాకు పని నేర్పిన మనిషి కుర్చీలో ముందుకు వంగి, నేను చెప్పేది వింటున్నారు. మామూలు గేరుబాక్సులో గేర్లు కింద ఉన్న ఆయిల్లో సగం మునిగి తిరుగుతూ తమను తామే తడుపుకుంటాయి. ఇందులో అలా కాదు. ఇంజనుతో పాటు తిరిగే పంపు ఒకటుంటుంది. అది ఆయిలు పైకి తోడితేనే గేర్లకు తడి. ఆ ఆయిలు ఒత్తిడికే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకుంటాయి, బండి కదులుతుంది. నేను ఇంకా చెప్తూనే ఉన్నాను, ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అంటే ఇంజను ఆగితే దీనికి నోరెండిపోయినట్టేనా?"

"అంతేనండీ."

"అట్టాగైతే బండి ఆగిపోయినప్పుడు తాడు కట్టి లాగకూడదన్నమాట. లోపల చక్రాలు తిరుగుతుంటయ్, తడుండదు."

"అస్సలు లాగకూడదండీ. ముందు చక్రాలు పైకెత్తి తేవాల్సిందే."

నేను చెప్పకముందే ఆయనే పట్టుకున్నారు ఆ మాట. అంత చురుకైన మనిషి. ఆ మాట ఆ రోజు మా ఇద్దరికీ తెలుసు. ఇది ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆయన ఇల్లు సింగ్‌నగర్‌లో. ఆ బండి వచ్చాక రోజూ సాయంత్రం పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని కంకిపాడు దాకా వెళ్ళేవారు. ఆయన భార్యను నేను పిన్నిగారనే పిలుస్తాను. అక్కడ కాలువ గట్టున బండి ఆపి, ఇద్దరూ టీ తాగి, వంకాయలో బెండకాయలో కొనుక్కుని వెనక్కి వచ్చేవారు. ఏం పని మీద వెళ్ళారండీ అంటే "తిరిగి రావడానికి వెళ్ళానురా" అనేవారు. ఇంట్లో బాత్రూముకి వెళ్ళాలన్నా ఆమె భుజం పట్టుకోవాలి. అది ఆయన్ను లోపల్లోపల కోసేస్తుండేది. "స్టీరింగు ముందు కూర్చున్న గంటా గంటన్నరే నేను ఎవడి మీదా ఆనుకోకుండా ఉండేది" అని ఒకసారి నాతో అన్నారు. ఆ గంటన్నర కోసమే మిగతా రోజంతా ఓర్చుకునేవారని నాకు తెలుసు.

బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ మునిగింది. వాళ్ళిద్దరూ పై వాటాలో రోజుల తరబడి ఉండిపోయారు. పడవల మీద వచ్చిన పులిహోర పొట్లాలు తిని, వర్షపు నీళ్ళు పట్టుకుని తాగారు. కింద బండి స్టీరింగు దాకా నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక ఆటోనగర్ రోడ్లన్నీ మునిగిన బండ్లతో నిండిపోయాయి. ఎటు చూసినా ఒండ్రు మట్టి, కుళ్ళిన సీట్ల కంపు. మా షెడ్డులో చోటు చాలక రోడ్డు మీద రెండు వరసల్లో నిలబెట్టాం. ఫోను మోగుతూనే ఉంది. ఎవరు చేసినా అడిగేది ఒకటే: ఎప్పుడు తేవాలి, ఎలా తేవాలి.

నేను ఒక బండి కింద పడుకుని బోల్టు విప్పుతుండగా ఆయన ఫోను వచ్చింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను.

"నీళ్ళు తీసినయ్‌రా. నేను స్టార్టింగు కొట్టలేదు. ఎత్తుకొచ్చే బండి కోసం అడిగితే ఇంకో మూడ్రోజులంటున్నారు. ఇక్కడ ట్రాక్టరు ఒకటి ఖాళీగా ఉంది. ఎట్టా తెమ్మంటావ్?"

"న్యూట్రల్లో వేసి, తాడు కట్టి లాక్కొచ్చేయండి మేస్త్రి గారూ."

ఆయన "సరే" అన్నారు. నేను మళ్ళీ బోల్టు మీద పడ్డాను.

ఆ మాట నాది కాదు. ఆయన షెడ్డులో పదకొండేళ్ళు రోజూ విన్న మాట. ఆగిపోయిన బండి గురించి ఎవరు ఫోను చేసినా ఆయన అదే చెప్పేవారు, ఆయన లేకపోతే మేం చెప్పేవాళ్ళం. నా నోట్లో అది అలా ఉండిపోయింది, అడగ్గానే బయటికొచ్చింది. ఆయనకూ గుర్తు రాలేదు. ఆయనకు గుర్తు రాకపోతే తప్పు లేదు, వారం రోజులు నీళ్ళ మధ్య ఉన్న మనిషి. నాకు గుర్తు రావాలి. ఆ పని నేర్చుకోవడానికే కదా నాలుగేళ్ళు ఆయన మాట పోగొట్టుకున్నాను!

రోడ్లు తెగిపోయి ఉన్నాయి కాబట్టి ట్రాక్టరు ఊరంతా చుట్టి వచ్చింది. మధ్యాహ్నానికి షెడ్డు ముందు ఆగింది. తెల్ల కారు బురద రంగులో ఉంది. లోపల ఆయనే కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉన్నారు. "దారంతా నేనే తిప్పానురా" అని నవ్వుతూ చెప్పారు. నా కళ్ళు తాడు మీద పడ్డాయి. ఫోన్లో నేనన్న మాట అప్పుడు తట్టింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. నీళ్ళలో మునిగిన బండి, ఎలాగూ విప్పాల్సిందే కదా అని సర్దిచెప్పుకున్నాను.

గేరుబాక్సు ఆయిలు మామూలుగా ఎర్రగా ఉంటుంది. అడుగు బోల్టు విప్పితే రోజ్‌మిల్క్ కారింది. ఆ వారంలో విప్పిన ప్రతి బండీ అంతే, నీళ్ళు కలిసి గులాబీ రంగు పాలు. ముందు ఇంజను శుభ్రం చేయించి, గేరుబాక్సులో కొత్త ఆయిలు పోసి, స్టార్ట్ చేసి చూశాను. లివరు ముందుకు వేస్తే బండి బద్ధకంగా కదిలింది. ఎక్సలేటరు తొక్కితే ఇంజను అరుస్తుందే గానీ చక్రాలకు అందట్లేదు. ప్లేట్లు జారుతున్నాయి, అది నీళ్ళ పనే. కానీ అడుగున ఇంకో చప్పుడుంది. స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెట్టాను. గరగరమని, ఇసుక నమిలినట్టు. నీళ్ళకి ఆ చప్పుడు రాదు.

గేరుబాక్సు దించి విప్పిన రోజు ఆయన వచ్చారు. ఆటోలో వచ్చి, చంకకర్రల మీద నడిచి, షెడ్డు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నారు. లోపల బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. క్లచ్ ప్లేట్లకు రెండు వైపులా కాగితం లాంటి పొర అంటించి ఉంటుంది. నీళ్ళకి ఆ జిగురు నానిపోయి, వర్షంలో తడిసిన సినిమా పోస్టరులా చేతికి ఊడొచ్చింది. ఇంతవరకూ అనుకున్నదే. ఇంకా లోపలికి వెళ్ళి గేర్ల సెట్టు బయటికి తీశాను. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న పళ్ళ చక్రాలు, పినియన్లు. ఒక్కొక్కటి ఉసిరికాయంత ఉంటుంది. నాలుగూ నీలంగా మారిపోయి ఉన్నాయి. లోపలి పిన్నులు గీరుకుపోయి, పట్టుకుంటే గరుకుగా తగిలాయి. నీళ్ళు తుప్పు తెస్తాయి. నీలం రంగు తేవు. నూనె లేకుండా తిరిగి తిరిగి కాగిపోయిన ఇనుముకే ఆ రంగు వస్తుంది.

"ఏమైందిరా లోపల?" అని బయటి నుంచి అడిగారు.

"నీళ్ళండీ. ప్లేట్లు ఊడిపోయినయ్."

"అంతేనా?"

"అంతేనండీ."

ఎందుకు అబద్ధం చెప్పానని ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆయన తిడతారని భయం కాదు. తిడితే నాకు హాయిగానే ఉండేది. ఆయన కుర్చీలో ముందుకు వంగి నేను చెప్పేది విన్న రోజు ఒకటుంది చూశారా, అది పోతుందని భయం. ఆటోమేటిక్ పని అంటే నేనే అని ఊరంతా అనుకుంటోంది. అలాంటివాడు, ఎవరూ చెయ్యని చెత్త తప్పు, అందులోనూ ఆయన బండికి చేశాడని ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేదు. సిగ్గుపడ్డాను, అంతే.

అబద్ధానికి తర్వాత పని ఎక్కువ. గేర్ల సెట్టు మార్చాలి, కానీ మార్చినట్టు ఆయనకు తెలియకూడదు. పాత ఇనుము కొట్లలో వెతికి, గుద్దుకుని తుక్కయిపోయిన ఒక బండి నుంచి మంచి సెట్టు ఒకటి తెచ్చి వేశాను. అక్కడితో అయిపోలేదు. గేరుబాక్సు ఆయిలు చల్లబడడానికి ముందు వైపు కూలరు ఉంటుంది. నేను ఇంజను స్టార్ట్ చేసి చూసినప్పుడు, అరిగిన ఇనుము పొడి ఆయిలుతో పాటు ఆ కూలరులోకి వెళ్ళి ఉంటుంది. సన్నని దారులు, కడిగితే పూర్తిగా పోదు. మార్చి తీరాలి. ఈ సంగతి నేను వేరే మెకానిక్కులకు చెప్పేవాణ్ణి, వేలు చూపించి మరీ. కానీ కూలరు మారిస్తే పాతది సంచిలో వెయ్యాలి. "నీళ్ళకి కూలరెందుకు మార్చావురా?" అని ఆయన మొదటి చూపులోనే అడుగుతారు. అందుకే మార్చలేదు. కడిగాను. మూడుసార్లు కడిగి, గాలి కొట్టి, మళ్ళీ అదే బిగించాను.

మిగతా పనంతా చాలా శ్రద్ధగా చేశాను. ఆ మాట మాత్రం నిజం. కొత్త ప్లేట్లు ఆయిల్లో నానబెట్టాను. ప్రతి సీలుకీ వేలితో వాజలీను రాసి, చోటులో కూర్చోబెట్టాను. ఏ గేరుకి ఆయిలు వెళ్ళాలో తిప్పే వాల్వుల పెట్టెలో మిరియాలంత ఉక్కు గుండ్లుంటాయి, ఒక్కటి తప్పు గుంటలో పడినా గేరు మారదు. తెల్ల గుడ్డ పరిచి ఒక్కొక్కటే చూసుకుంటూ పెట్టాను. ఒక్కో క్లచ్చికీ గాలి పెట్టి చూస్తే ఠప్ ఠప్‌మని పట్టుకున్నాయి. ఆయన పక్కనే కూర్చుని అంతా చూశారు. "ఇది మెకానిక్కు పనేంట్రా, పెళ్ళి వంటలా ఉంది" అని మురిసిపోయారు.

బండి తీసుకెళ్ళేరోజు డిక్కీ తీసి సంచి మూతి ఆయనే విప్పారు. ఊడిన ప్లేట్లు ఒక్కొక్కటే తీసి ఎండకు పెట్టి చూసి, "పాపం, ఎట్టా అయిపోయినయ్యో చూడు" అన్నారు, ఏదో పశువు గురించి అన్నట్టు. మళ్ళీ జాగ్రత్తగా లోపల వేసి కట్టేశారు. కాలిన గేర్ల సెట్టు అప్పటికే పాత ఇనుములోకి వెళ్ళిపోయింది. ఒక్క పినియన్ మాత్రం నా బల్ల సొరుగులో ఉండిపోయింది. అది పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

మూడు నెలలు బండి బాగా నడిచింది. రోజూ కంకిపాడు, రోజూ టీ. నేను కూడా మర్చిపోవడం మొదలుపెట్టాను.

గుణదల మాత ఉత్సవాల రోజుల్లో పిన్నిగారు ఫోను చేశారు. కంకిపాడు దగ్గర కాలువ గట్టు మీద ఉన్నామని, బండి గట్టు దిగిపోయిందని చెప్పారు. తిరునాళ్ళ జనంలో ఇరుక్కుని, అందరినీ తిట్టుకుంటూ, నన్ను నేను ఎక్కువ తిట్టుకుంటూ వెళ్ళాను. అప్పటికి ఎవరో రైతులు ఇద్దరినీ బయటికి తీసి గట్టు మీద చాప వేసి కూర్చోబెట్టారు. పిన్నిగారి కనుబొమ పైన చీరుకుపోయి, తువ్వాలు అదిమిపెట్టుకుని ఉన్నారు. బండి ముందు చక్రాలు రెండూ గట్టు దాటి ఉన్నాయి. తుమ్మ మొద్దు అడ్డం పడబట్టి ఆగింది, లేకపోతే కాలువే.

జరిగింది ఆయనే చెప్పారు. ఎదురుగా చెరుకు ట్రాక్టరు వస్తే వెనక్కి తీశారు. అది వెళ్ళాక లివరు ముందుకు వేశారు. బండి కదల్లేదు. కాస్త ఎక్సలేటరు ఇచ్చారు. అయినా కదల్లేదు. ఉన్నట్టుండి ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందుకు దూకింది.

"బ్రేకు తొక్కాననే అనుకున్నానురా. ఈ మధ్య పాదం మొద్దుబారుతోంది, చెప్పు ఊడిపోయినా తెలియట్లేదు. బ్రేకనుకుని ఎక్సలేటరే తొక్కినట్టున్నా. దీన్ని చంపేసేవాణ్ణి."

పిన్నిగారు తువ్వాలు చాటునుంచి "అదేం కాదు, ఊరుకోండి" అన్నారు. ఆయన వినలేదు.

నేను బండి దగ్గరికి వెళ్ళి, అడుగు బోల్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కల ఆయిలు వేళ్ళ మీద పట్టాను. రుద్ది ఎండలో చూస్తే మెరుస్తోంది. ఇనుము పొడి. కూలరులో మిగిలిపోయింది మెల్లగా కొట్టుకొచ్చి వాల్వులో అడ్డం పడింది. అందుకే గేరు ఆలస్యంగా పట్టింది, పట్టినప్పుడు ఒక్కసారిగా పట్టింది. ఆయన కాలు తప్పేమీ లేదు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని ఆయన దగ్గరికి వచ్చాను.

"గేరుబాక్సులో ఏదన్నా ఉందేమో, ఒకసారి విప్పి చూస్తానండీ" అన్నాను. అంతవరకే వచ్చింది నోటికి.

"నీ పనిలో తప్పెందుకుంటుందిరా? సంచి నేను చూశాగా. ఇంక విప్పేదేం లేదు. అమ్మెయ్."

సరేనని ఆటో పిలిచి, ఇద్దరినీ ఎక్కించాను.

ఆ బండిని మళ్ళీ విప్పి, కొత్త కూలరు వేసి, నేనే అమ్మిపెట్టాను. ఇప్పుడు కొండపల్లిలో ఒక ఉద్యోగి నడుపుకుంటున్నాడు. మొన్న ఆయిలు మార్చడానికి తెచ్చాడు. ఏ గొడవా లేదు, ఇంకో పదేళ్ళు నడుస్తుంది. అతను "చాలా మంచి బండండీ" అన్నాడు. నాకు అతని మీద ఊరికే కోపం వచ్చింది.

మేస్త్రి గారు ఆ తర్వాత ఇల్లు కదల్లేదు. ఆటోలో షెడ్డుకు రమ్మంటే "ఎందుకురా ఎవడో మోసుకుపోవడం" అనేవారు. ఎవరైనా కారులో తీసుకెళ్తామన్నా వద్దనేవారు. సంవత్సరం అలా గడిచింది. తర్వాత కుడి పాదానికీ పుండు లేచింది. వేళ్ళతో సహా సగం పాదం తీసేశారు. ఇంక ఏ బండీ నడపలేరు, ఉయ్యాల బండి కూడా.

పోయిన నెలలో ఒకరోజు సొరుగులోంచి పినియన్ తీసి చొక్కా జేబులో వేసుకుని సింగ్‌నగర్ వెళ్ళాను. అంతకు ముందు నాలుగైదుసార్లు అలాగే వేసుకుని వెళ్ళి, కాఫీ తాగి, వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళైంది. ముందు గదిలో గోడకి రెండుసార్లు సున్నం వేసినా, వరద నీళ్ళ గీత మళ్ళీ పైకి కనిపిస్తూనే ఉంది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కట్టు కట్టిన పాదం స్టూలు మీద పెట్టి ఉంది. పిన్నిగారు వంటింట్లో ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక పినియన్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది చూడండి మేస్త్రి గారూ."

ఆయన చేతిలో ఎవరైనా ఇనుము పెట్టి ఎన్నాళ్ళయిందో. మొహం మారిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో పళ్ళు తడిమి, చిటికెనవేలు బొక్కలో పెట్టి చూశారు. పాత మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నట్టుంది.

"నూనె లేక మాడిందిరా ఇది. ఏ బండిది?"

"ఒక ఆటోమేటిక్‌దండీ."

"అయితే ఇంజను ఆపేసి తాడు కట్టి లాగుంటారు. ఎవడా బుద్ధిలేనివాడు? లాగకూడదని నాకే చెప్పావుగా, వాడికి చెప్పలా?"

"నేనే లాగమన్నానండీ. పని ఒత్తిడిలో నోటికొచ్చేసింది."

ఆయన నన్ను చూసి నవ్వారు. "సర్లే, మనుషులం. బండివాడికి చెప్పావా మరి?"

"లేదండీ. నీళ్ళకి పోయిందని చెప్పాను."

నవ్వు ఆగిపోయింది. "అది తప్పురా. తర్వాత ఏదన్నా అయితే, పాపం వాడు తన తప్పే అనుకుంటాడు. వెళ్ళి చెప్పు."

"అదే చెప్పడానికి వచ్చానండీ" అన్నాను.

వంటింట్లో కుక్కరు కూసింది. ఆయన కళ్ళజోడు తీశారు. చేతిలో పినియన్‌ను మళ్ళీ ఒకసారి చూశారు, నన్ను చూడలేదు. గేర్లు, ఆయిలు, కూలరు అని నేను ఏదో చెప్పుకుపోతున్నాను. విన్నారో లేదో తెలియదు. మధ్యలో వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"ఏమే! ఇట్రా ఒకసారి."

పిన్నిగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కనుబొమ మీద కుట్ల మచ్చ ఇంకా తెల్లగా ఉంది.

"ఆ రోజు గట్టు మీద నేను బ్రేకే తొక్కానే. వీడు చెప్తున్నాడు."

ఆమె నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశారు. "నేను అప్పుడే చెప్పాగా మీకు, బ్రేకే తొక్కారని. పక్కనే కూర్చున్నదాన్ని. మీరు నమ్మితేనా?"

ఆయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. తర్వాత "మంచం కింద మన బండి పాత సామాను సంచి ఉంటుంది, తీసుకురా" అన్నారు. ఆమె తెచ్చి ఒళ్ళో పెట్టారు. మూతికి కట్టిన తాడు విప్పి, పినియన్ లోపల వేసి, మళ్ళీ ముడి వేశారు. ముడి రెండుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి పక్కకు తోశారు.

వెళ్ళొస్తానండీ అన్నాను. ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నారు. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు. తిన్నావా అని కూడా అడగలేదు.